తుడిచిన చెయ్యి

మ్యాచ్ ఇంకాసేపట్లో అయిపోతుందనగా గోడమీది టీవీ నల్లబడింది. 

హాలునిండా కూర్చున్నవాళ్ళంతా ఒక్క గొంతుతో "అయ్యో" అన్నారు. పళ్ళ డాక్టరు సోఫాలోంచి లేచి, చెయ్యి చాచి రిమోట్ నొక్కాడు. నొక్కిన బొత్తామే మళ్ళీ నొక్కాడు. 'సిగ్నల్ లేదు' అన్న అక్షరాలు తెర ఈ కొసనుంచి ఆ కొసకి తాపీగా షికారు చేస్తున్నాయి. ఆ వారంలో ఇలా కావడం మొదటిసారి కాదుగాని, ఇంతమంది ముందు కావడం మొదటిసారి.

ఆయన టీవీ కింద ఉన్న చెక్క బీరువా ముందు మోకాళ్ళమీద కూలబడ్డాడు. అందులో రిసీవరు ఉంది. బొమ్మని టీవీకీ, శబ్దాన్ని గది చుట్టూ ఉన్న స్పీకర్లకీ పంచేది అదే. దాని వెనక అల్లుకుపోయిన తీగల్లో ఒకదాన్ని పీకి, కొసని నోటితో ఊది, మళ్ళీ గుచ్చాడు. ఇంకోదాన్ని పీకాడు. అన్నీ ఆర్పి వెలిగించాడు. తెర వెలిగేసరికి ఆట అయిపోయింది. ఎవరు గెలిచారో తెలియదు. రెండు జట్లవాళ్ళూ చేతులు కలుపుకుంటున్నారు.

"ఏం డాక్టరూ, పేషెంటుకి మత్తు ఎక్కువిచ్చావా?" అన్నాడొక స్నేహితుడు.

అందరూ నవ్వారు. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. అక్కడే నేలమీద కూర్చుని మెకానిక్‌కి ఫోన్ చేశాడు. ఫోను గొంతు అందరికీ వినపడేలా పెట్టాడు, తప్పు తన చేతిలో లేదని అందరూ వినాలన్నట్టు.

"ఎవరైనా కదిపారా సార్?" అన్నాడు మెకానిక్ ఆ చివరనుంచి. వెనక ఏదో బండి హారన్ మోగుతోంది. "పనివాళ్ళు దుమ్ము తుడిచేటప్పుడు తీగలు లాగేస్తుంటారు. నేను చూసేవాటిలో ఎక్కువ అదే."

హాల్లో తలలన్నీ వంటింటి గుమ్మం వైపు తిరిగాయి. అక్కడ టీ కప్పుల పళ్ళెం పట్టుకుని పిచ్చుక నిలబడి ఉంది.

పిచ్చుక అన్నది ఆమెకి అత్తగారు పెట్టిన పేరు. మనిషి చిన్నది, నడక చురుకు. ఆ అపార్టుమెంటులో రెండిళ్ళు ఊడ్చి తుడుస్తుంది, గిన్నెలు కడుగుతుంది. అత్త అలా పిలవగా పిలవగా అందరికీ అదే అలవాటైంది.

"ఇవాళ ఇక్కడ తుడిచింది నువ్వేగా?" అన్నాడు డాక్టరు.

"బీరువా పైన తుడిచాను సార్. వెనక చెయ్యి పెట్టలేదు."

"మరి దానంతటది ఊడిపోయిందా?"

"ఊడిందో లేదో నాకు తెలీదు. నేను ముట్టుకోలేదు."

"పోనీలేవయ్యా, తెలియక చేసుంటుంది," అన్నాడు ఇందాకటి స్నేహితుడు, కప్పు అందుకుంటూ. చాలా దయగా అన్నాడు. ఆ దయ పిచ్చుకకి చెంపమీద తగిలినట్టయింది.

"తెలిసీ చెయ్యలేదు, తెలియకా చెయ్యలేదు," అంది. అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది మాట. గదిలో ఎవరో దగ్గారు.

డాక్టరు లేచి నిలబడ్డాడు. "నిన్నేమైనా డబ్బు కట్టమన్నానా? తిట్టానా? ఒప్పుకుంటే ఏం పోతుంది? ఇంకోసారి జాగ్రత్తగా ఉంటానంటే అయిపోయే విషయం."

ఆమె పళ్ళెం బల్లమీద పెట్టింది. కప్పులు ఒక్కటీ చప్పుడు చెయ్యలేదు. "చెయ్యనిది ఎలా ఒప్పుకుంటాను సార్?" అని, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. వెనక హాల్లో మాటలు మళ్ళీ సర్దుకున్నాయి. నవ్వులు కూడా. కుళాయి పూర్తిగా తిప్పి ఆ నవ్వులు వినపడకుండా చేసుకుంది.

*

ఇంటికొచ్చి అన్నం గిన్నె పొయ్యిమీద పెట్టిన తీరు చూసే అత్తకి ఏదో అయిందని తెలిసింది.

"అత్త మీద కోపం దుత్త మీదని, ఆ గిన్నేం చేసిందే నిన్ను? కోపముంటే నన్నే అను."

అత్త కిటికీ వెలుగులో కూర్చుని దర్జీ పంపిన చొక్కాలకి కాజాలు కుడుతోంది. మోకాళ్ళు పోయాక ఇళ్ళల్లో పని మానేసి ఇది పట్టుకుంది. దారం పళ్ళతో కొరికి, "ఏమైంది చెప్పు," అంది.

పిచ్చుక చెప్పింది. పొయ్యి వైపు తిరిగే చెప్పింది.

అత్త అంతా విని, కాజా అంచు మీద బొటనవేలు రాసుకుంటూ, "ఒప్పుకోవే," అంది.

"ఏంటి ఒప్పుకునేది?"

"చేశానని. చూసుకోలేదు, పొరపాటైంది అను. రెండు రోజుల్లో మర్చిపోతారు. మేం ఎన్ని ఒప్పుకోలేదు! మాటేగా, ఒళ్ళేమైనా అరిగిపోతుందా?"

"అరిగిపోతుంది అత్తా."

"ఆహా."

"ఇవాళ తీగ లాగానని ఒప్పుకుంటాను. రేపు గాజు గ్లాసు పగిలితే, మొన్న తీగ లాగింది కూడా ఇదేగా అంటారు. ఎల్లుండి ఇంకోటి పోతుంది. ఒక్కసారి ఒప్పుకుంటే ఆ ఇంట్లో విరిగినవన్నీ నా ఖాతాలోకే వస్తాయి."

"పని పోతే?"

పిచ్చుక పొయ్యి మంట తగ్గించింది. ఆమె మొగుడు లారీమీద వెళ్ళాడు. ఎప్పుడొస్తాడో రోడ్డుకే తెలియాలి. ఇంట్లో ఉన్నవి అత్త సూదీ తన చేతులూను.

"నీకు పొగరెక్కువే," అంది అత్త. తిట్టినట్టు లేదు, మెచ్చుకున్నట్టూ లేదు. సూదిలోకి దారం ఎక్కించమని చెయ్యి చాచింది. పిచ్చుక వచ్చి పక్కన కూర్చుని, దారం కొస తడిచేసి ఎక్కించి ఇచ్చింది.

*

మర్నాడు డాక్టరుగారి భార్య తలుపు తీస్తూనే, "హాలు నేను చూసుకుంటాలే. నువ్వు వంటిల్లూ పడగ్గదులూ చెయ్యి చాలు," అంది.

"హాలెందుకు వద్దు మేడమ్?"

"ఏం లేదు. సార్‌కి కాస్త... నీకు తెలుసుగా." ఆవిడ చూపు చెప్పుల మీద ఉంది.

పిచ్చుక పడగ్గదులు ఊడ్చింది. చీపురు హాలు అంచుదాకా వచ్చి గీత గీసినట్టు అక్కడే ఆగిపోయింది. ఆ గీత దాటి దుమ్ము కనిపిస్తున్నా దాటలేదు.

పై అంతస్తులో టీచరమ్మ ఇంటికి వెళ్ళింది. ఆవిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. ఒక్కతే ఉంటుంది, పొద్దస్తమానం రేడియో వింటుంది. పిచ్చుక గుడ్డ తడిపి పుస్తకాల అర దగ్గరికి వెళ్ళబోతుంటే, "ఆ రేడియో జోలికి మాత్రం వెళ్ళకమ్మా, పాతది," అంది.

పిచ్చుక గుడ్డ పిండడం ఆపింది. "ఎప్పుడూ తుడిచేదే కదా టీచరమ్మా."

"అవుననుకో. కింద వాళ్ళింట్లో ఏదో..."

"అప్పుడే ఇక్కడిదాకా వచ్చిందా?"

"లిఫ్టులో అనుకుంటున్నారు. నేను నమ్మాననడంలేదు. కానీ నిప్పులేనిదే పొగ రాదంటారు చూడు."

"పొగ వాళ్ళ టీవీలోంచి వచ్చింది టీచరమ్మా. నిప్పు నా చేతిలో వెతుకుతున్నారు."

 టీచరమ్మ జీవితమంతా పిల్లల జవాబులు దిద్దిన మనిషి. ఈ జవాబులో ఏం దిద్దాలో తోచలేదు. పిచ్చుక రేడియో చుట్టూ తుడిచింది, రేడియోని వదిలేసింది. చతురస్రంగా దుమ్ము దాని కిందే మిగిలింది.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. డాక్టరు క్లినిక్‌లో ఉన్నాడు, మేడమ్ తలనొప్పిగా ఉందని నుదురు పట్టుకుని కూర్చుంది. మెకానిక్ నడివయసువాడు. బెల్టుకి ఫోను, చెవి వెనక పెన్ను. వచ్చినవాడు వచ్చినట్టే బీరువా ముందు బోర్లా పడుకుని తీగలన్నీ ఒక్కొక్కటే తీసి, తుడిచి, పెట్టాడు. ప్లగ్గులన్నీ పీకి కాసేపు ఆగి మళ్ళీ పెట్టాడు. రిమోట్‌తో టీవీలో ఏవో మెనూల్లోకి వెళ్ళి టిక్కులు తీశాడు, పెట్టాడు. సినిమా ఒకటి పెట్టి, మేడమ్ నుదురు చూసి, శబ్దం తగ్గించాడు. బొమ్మ నిక్షేపంగా నడిచింది.

"ఏదో వదులైందమ్మా. బిగించాను," అన్నాడు.

పిచ్చుక వంటింటి గుమ్మంలోంచి అడిగింది. "ఏది వదులైందన్నా?"

అతను తలెత్తి చూశాడు. "ఏదో ఒకటి. ఇన్ని ఉన్నాయి కదా."

"ఏదో తెలీకుండా బిగించావా?"

"అన్నీ బిగించాను. ఇంకేం కావాలి?"

"ఎవరో లాగారని ఫోన్లో చెప్పింది నువ్వేగా. ఏది లాగానో చూపించు, నేనూ చూస్తాను."

మెకానిక్ సంచీ జిప్పు లాగి, మేడమ్ వైపు చూసి నవ్వాడు, 'ఇదెక్కడి గోల' అన్నట్టు. మేడమ్ నవ్వలేదు. అలాగని ఏమీ అనలేదు కూడా. అతను వెళ్ళిపోయాడు.

*

ఆ సాయంత్రమే డాక్టరు ఒక్కడూ కూర్చుని సినిమా పెట్టుకున్నాడు. కార్లు గుద్దుకునే చోట శబ్దం పెంచాడు. బొమ్మ పోయింది.

తెల్లారి పిచ్చుక వచ్చేసరికి ఆయన ఇంకా క్లినిక్‌కి వెళ్ళకుండా హాల్లో పచార్లు చేస్తున్నాడు.

"మళ్ళీ పోయింది. చూశావా?"

"నిన్నంతా నేను హాల్లోకి రాలేదు సార్. మేడమ్‌ని అడగండి."

"ఒకసారి గట్టిగా లాగితే లోపల పిన్ను వంగిపోతుంది. ఆ తర్వాత దానిష్టం. అప్పుడప్పుడు పనిచేస్తుంది, అప్పుడప్పుడు చెయ్యదు. అది నీకు అర్థంకాదు."

"అంటే ఇకమీద అది ఎప్పుడు పోయినా నావల్లే అన్నమాట."

డాక్టరు చేతిగడియారం చూసుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పిచ్చుకకి పన్ను పుచ్చినప్పుడు తనే చూశాడు. అందుకే ఆమె ఎదురు మాట్లాడటం ఆయనకి మింగుడుపడటంలేదు. "మధ్యాహ్నం మెకానిక్ మళ్ళీ వస్తున్నాడు. ఇవాళ నేనూ ఉంటాను. అక్కడితో ఈ గొడవ ఆపేద్దాం."

"నేనూ ఉంటాను."

"నువ్వెందుకు?"

"నేరం నాదైనప్పుడు విచారణలో నేను ఉండొద్దా సార్?"

గదిలోంచి మేడమ్ నవ్వాపుకున్న చప్పుడు వినిపించింది. డాక్టరు అటు చూసి, బూట్లు తొడుక్కున్నాడు.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చేటప్పటికి పిచ్చుక హాల్లోనే ఉంది. సోఫామీద కాదు, స్టూలు వేసుకుని బీరువాకి ఎదురుగా కూర్చుంది. చీపురు లేదు, గుడ్డ లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఆ ఇంట్లో ఆమెకి అదే మొదలు. ఆ చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

మెకానిక్ సినిమా పెట్టాడు. మెల్లగా మాటలు నడుస్తున్నాయి. బొమ్మ బాగుంది.

"ఇదిగో, బానే ఉందిగా సార్."

"ఇప్పుడు బానే ఉంటుందయ్యా, నువ్వెళ్ళాక పోతుంది."

"మ్యాచ్ రోజు పెట్టినంత గట్టిగా పెట్టండి," అంది పిచ్చుక.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఆ రోజు వంటింట్లో పళ్ళేలు గజగజలాడాయి. పడిపోతాయేమోనని చేత్తో పట్టుకున్నాను. అప్పుడే పోయింది బొమ్మ. నిన్న సాయంత్రం కూడా సార్ గట్టిగా పెట్టాకే పోయిందన్నారు మేడమ్. పోయేటప్పుడు ఎలా ఉందో అలా పెట్టకుండా, బానే ఉంది బానే ఉందంటే ఎలా?"

"శబ్దానికీ బొమ్మకీ సంబంధం ఏముంది?" అన్నాడు డాక్టరు.

"నాకేం తెలుసు సార్. పెట్టి చూడమంటున్నాను."

మెకానిక్ భుజాలెగరేసి శబ్దం పెంచాడు. ఇంకా పెంచాడు. కిటికీ అద్దాలు జుమ్మన్నాయి. వంటింట్లో పళ్ళేలు మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. తెర ఒక్కసారి మిణుకుమని నల్లబడిపోయింది.

మెకానిక్ నవ్వడం మానేశాడు. చెవి వెనక పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా చేతులు మడిచాడు. అప్పుడు మొదలైంది అసలు పని.

ముందు సినిమాలు ఆడించే పెట్టెకీ రిసీవరుకీ మధ్య ఉన్న తీగ తీసి తన సంచీలోది వేశాడు. శబ్దం పెంచాడు. బొమ్మ పోయింది. "ఇది కాదు," అన్నాడు. సంచీలోంచి పలక అంత బుల్లి తెర తీసి రిసీవరుకి తగిలించాడు. శబ్దం పెంచాడు. పళ్ళేలు గోలపెట్టాయి, బుల్లి తెరమీద బొమ్మ కదల్లేదు. "రిసీవరు బంగారం సార్." ఇక పొడవాటి తీగ ఒకటి తీసి, రిసీవరునుంచి నేలమీదుగా, గోడమీదుగా టీవీదాకా వేలాడదీశాడు. శబ్దం మొత్తం పెంచాడు. పక్కింటివాళ్ళు గోడ బాదారు. బొమ్మ మాత్రం నవనవలాడుతూ నడుస్తోంది.

"టీవీ కూడా మంచిదే," అన్నాడు శబ్దం తగ్గించి. "ఇక మిగిలింది గోడలోది."

ఆ గోడ డాక్టరు గర్వం. ఇల్లు కొనుక్కున్నప్పుడే దగ్గరుండి గోడలో గొట్టం పెట్టించి, తీగని అందులోంచి లాగించాడు. వచ్చినవాళ్ళందరికీ "ఒక్క తీగ కనిపిస్తే చూపించండి" అని సవాలు చేసేవాడు. మెకానిక్ టీవీ వెనక నుంచి ఆ తీగ కొస పట్టుకుని లాగాడు. రాలేదు. కిందనుంచి లాగాడు. ఏదో పట్టుకున్నట్టు గట్టిగా ఉంది. అరచేత్తో గోడని తడుముతూ కిందికి వచ్చాడు. టీవీకీ బీరువాకీ నడుమ సన్నటి చెక్క షెల్ఫు ఉంది. దానిమీద మాటలు స్పష్టంగా వినిపించడానికి కొన్న కొత్త స్పీకరు. అతని చెయ్యి అక్కడ ఆగింది.

"ఈ షెల్ఫు ఎవరు కొట్టారు సార్?"

డాక్టరు జవాబు చెప్పేలోపు గదిలోంచి మేడమ్ అంది: "ఆయనే. పోయిన వారం. కొత్త డ్రిల్లు కొనుక్కొచ్చి మరీ."

మెకానిక్ స్పీకరు దించి, మరలు తిప్పడం మొదలుపెట్టాడు. మూడు సులువుగా వచ్చేశాయి. నాలుగోది కిర్రుమంటూ వచ్చింది. దాని మొనకి నల్లటి రబ్బరు తునకా, వెంట్రుకంత రాగి పోగూ అంటుకుని ఉన్నాయి. అతను దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాడు.

"డాక్టరుగారూ, నరానికి తగిలించారు. గట్టిగా పెట్టినప్పుడల్లా షెల్ఫు అదురుతోంది, మర కదులుతోంది, తీగ తెగినచోట బొమ్మ పోతోంది."

డాక్టరు దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు. కాసేపటికి పక్కున నవ్వాడు. నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చినా గట్టిగానే వచ్చింది. "భలే! క్లినిక్‌లో ఎన్ని పళ్ళు తొలిచినా ఒక్క నరానికి తగల్లేదు, ఇంట్లో తగిలిందయ్యా!" మెకానిక్ కూడా నవ్వాడు. తీగ ఎలా మార్చాలి, గొట్టం తవ్వాలా, పైనుంచి వెయ్యాలా అని ఇద్దరూ మాటల్లో పడ్డారు. మేడమ్ వచ్చి మర అందుకుని చూసి, "హమ్మయ్య, తేలిపోయింది. పిచ్చుకా, అందరికీ కాస్త టీ పెట్టు," అంది.

పిచ్చుక స్టూలు మీంచి లేచింది. వంటింటి వైపు నడవలేదు.

"ముందు మాట చెప్పండి సార్," అంది.

"ఏ మాట?" అన్నాడు డాక్టరు, ఇంకా నవ్వు మొహంతోనే.

"నన్నన్నది తప్పని."

"అదేగా ఇప్పుడు తేలింది."

"తేలింది. మీరు చెప్పలేదు."

నవ్వు ఆయన మొహంమీంచి దిగిపోయింది. మెకానిక్ ఉన్నాడు, భార్య ఉంది. "ఇంత చిన్నదానికి రాద్ధాంతం ఎందుకు? ఎవరూ మనసులో పెట్టుకోలేదు. నువ్వూ పెట్టుకోకు."

"పదిమందిలో అన్నప్పుడు చిన్నది కాదు. ఇప్పుడు చిన్నదైపోయిందా? పై ఇంట్లో నా చేతికి రేడియో అందనివ్వడంలేదు. లిఫ్టులో చెప్పుకుంటున్నారు. పిచ్చుక మీదికి బ్రహ్మాస్త్రం వేసినవాళ్ళు, దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా తెలుసుకోవాలి సార్."

 తెరమీద సినిమా నడుస్తూనే ఉంది. మెకానిక్ ఇంకెక్కడికీ చూడలేక చేతిలో మరని తిప్పుతున్నాడు. "నాదీ తప్పేనమ్మా. చూడకుండా ఫోన్లో నోరు జారాను," అన్నాడు ఉన్నట్టుండి.

"సంతోషం అన్నా," అంది పిచ్చుక. డాక్టరు వైపు చూస్తూ నిలబడింది. ఆయన గోడలో పడ్డ చిల్లు చూస్తూ నిలబడ్డాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి, తలుపు వెనక తగిలించిన తన సంచీ తీసుకుంది. పొద్దున కడిగిన గిన్నెలు బోర్లించి ఉన్నాయి. తుడిచి ఆరేసిన గుడ్డ ముడత సరిచేసింది. ఇంటి తాళంచెవి మేడమ్ చేతిలో పెట్టి, "వస్తాను మేడమ్," అంది.

మేడమ్ తాళంచెవి చేతిలో పట్టుకుని, "ఆగవే..." అంది. పిచ్చుక ఆగలేదు.  రెయిలింగు పట్టుకుని మెట్లు దిగింది. ఎక్కడా నిలబడలేదు.

*

తర్వాత మేడమ్ ఫోన్ చేసింది. పిచ్చుక తీసింది.

"ఎప్పుడొస్తావు?" అంది మేడమ్.

"సార్ మాట చెప్పాక."

"ఆయన సంగతి తెలుసుగా..."

"నా సంగతి కూడా తెలియాలిగా మేడమ్."

అటునుంచి నిట్టూర్పు వినిపించింది. ఆ నిట్టూర్పు తనమీద కాదేమో అనిపించింది పిచ్చుకకి.

అత్త ఇదంతా వింటూనే ఉంది, సూది ఆపకుండా. "ఆడలేక మద్దెల ఓడన్నవాడు మద్దెలకి దణ్ణం పెడతాడా ఎక్కడైనా? ఇంకో ఇల్లు వెతుక్కో," అంది. వెళ్ళి క్షమాపణ చెప్పుకోమని మాత్రం ఈసారి అనలేదు.

పిచ్చుక ఇంకో ఇల్లు వెతుక్కోవడం మొదలుపెట్టింది కూడా. పక్క వీధిలో కొత్త అపార్టుమెంటు వాచ్‌మన్‌తో మాట్లాడింది. కాని ముందుగా టీచరమ్మ ఇంట్లో గుడ్డ తడిపి నేరుగా రేడియో దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"టీచరమ్మా, కింద ఇంట్లో తీగ పాడుచేసింది గోడలో కొట్టిన మర. కొట్టింది సార్. ఇది నేను చెప్పేది. నమ్మితే ఇది తుడుస్తాను, నమ్మకపోతే చెప్పండి, ఇక్కడ కూడా మానేస్తాను. సగం నమ్మి సగం తుడిపించుకోవడం మాత్రం నాకొద్దు."

టీచరమ్మ కళ్ళజోడు తీసింది. చాలాసేపు దాని అద్దాలు కొంగుతో తుడుచుకుంది. "తుడువమ్మా," అంది చివరికి. "దాని కింద దుమ్ము పేరుకుపోయింది."

ఆ మాటల్లోనే తలుపు ఎవరో కొట్టారు. గంట ఉంది, కాని నొక్కలేదు, వేళ్ళతో కొట్టారు. పిచ్చుక తడి చేతులతోనే తలుపు తీసింది.

గుమ్మం బయట డాక్టరు నిలబడి ఉన్నాడు. ఒక్కడే. క్లినిక్ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, జేబులోంచి మూతికి కట్టుకునే గుడ్డ వేలాడుతోంది. లోపలికి రమ్మని పిచ్చుక అనలేదు. ఇల్లు ఆమెది కాదు. టీచరమ్మ లేచి వచ్చి ఆమె వెనక నిలబడింది. ఆవిడ కూడా అనలేదు.

"ఆ తీగ మార్పించాను," అన్నాడు డాక్టరు.

పిచ్చుక తల ఊపింది.

"జరిగిందేదో జరిగిపోయింది. ఇంట్లో కూడా ఇబ్బందిగా ఉంది. నువ్వొస్తే..."

 ఆమె తలుపు రెక్క పట్టుకుని వింటోంది. చేతిలో గుడ్డనుంచి ఒక నీటిబొట్టు గడపమీద పడింది.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. టీచరమ్మ వైపు చూశాడు. మళ్ళీ పిచ్చుక వైపు చూశాడు. ఈసారి కళ్ళల్లోకి చూశాడు.

"నువ్వు ముట్టుకోలేదు. నేనే మర కొట్టి తీగ తెంపాను. చూడకుండా నిన్నన్నాను. పదిమందిలో అన్నాను. తప్పు నాదే." ఒక క్షణం ఆగాడు. "ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పాను కూడా."

"ఏమన్నారు?"

"నవ్వారు."

"ఎవర్ని చూసి?"

"నన్ను చూసే," అన్నాడు డాక్టరు. ఆ మాట అనడం ఆయనకి కష్టమే అయింది. అయినా అన్నాడు.

లిఫ్టు ఆగింది. అందులోంచి దిగిన ఒకావిడ, గుమ్మం బయట నిలబడ్డ డాక్టరునీ గుమ్మంలో నిలబడ్డ పిచ్చుకనీ వింతగా చూస్తూ వెళ్ళింది. డాక్టరు పక్కకి జరగలేదు.

"రేపట్నుంచి వస్తావా?" అని అడిగాడు.

"ఆలోచించి చెప్తాను సార్," అంది పిచ్చుక.

ఆయన తలూపి, మెట్లమీదుగా దిగిపోయాడు. పిచ్చుక తలుపు వేసింది. వేశాక కాసేపు దానికి వీపు ఆనించి నిలబడింది. టీచరమ్మ వెళ్ళి రేడియో ఎత్తి పట్టుకుంది, కింద తుడవడానికి వీలుగా.

*

అత్తకి ఇంటికొచ్చాక చెప్పింది. కాళ్ళు కడుక్కుంటూ, మామూలు సంగతి చెప్పినట్టు, రెండు ముక్కల్లో చెప్పేసింది. సార్ వచ్చాడు, తప్పు నాదే అన్నాడు, వెళ్ళిపోయాడు.

అత్త సూది చొక్కాలోనే ఆగిపోయింది.

"ఏమన్నాడూ?"

"తప్పు నాదే అన్నాడు."

"'నాదే' అన్నాడా, 'నాది' అన్నాడా?"

"'నాదే' అన్నాడు అత్తా."

"ఎవరెవరున్నారు?"

"టీచరమ్మ ఉంది. ఇంకొకావిడ లిఫ్టు దిగి చూసుకుంటూ పోయింది."

"ఆయన లోపలున్నాడా, బయటున్నాడా?"

"గుమ్మం బయట."

"నువ్వు?"

"నేను లోపల. గడప దగ్గర."

అత్త చొక్కా ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. నొప్పి మోకాళ్ళు రెండూ చేతుల్తో పట్టుకుని నెమ్మదిగా చాపుకుంది. ఎన్నో ఇళ్ళ గచ్చులమీద నేలకి ఆని అరిగిన మోకాళ్ళవి.

"ఇన్నిళ్ళల్లో చేశాను," అంది. "తిట్లు విన్నాను. పోన్లే అన్న మాటా విన్నాను. పాత చీరలిచ్చారు, పండగలకి మిఠాయిలిచ్చారు. ఈ మాట మాత్రం ఒక్కరి నోటా వినలేదే. ఎలా ఉంటుందో కూడా తెలీదు."

పిచ్చుక చెంబు పక్కన పెట్టింది.

"రేపు వెళ్తావా మరి?"

"ఇంకా అనుకోలేదు."

"వెళ్ళినా వెళ్ళకపోయినా నీ ఇష్టం. అది రేపటి సంగతి." అత్త గోడకి జరిగి, పక్కన చోటు చేసి, చాపమీద అరచేత్తో తట్టింది. "ఇటు రా. రెండు ముక్కల్లో కాదు. సార్ వచ్చాడన్నావు చూడు, అక్కణ్ణుంచి చెప్పు. ఒక్క మాట వదలకుండా చెప్పు."

పిచ్చుక చేతులు తుడుచుకుని వచ్చి, అత్త పక్కన కూర్చుని, మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.